ఏ వార్త ఏ వ్యవహారమునకు చెందును?

హిందూపురములోని పట్టుగూళ్ళ మార్కెట్టు మన రాష్ట్రములోని పెద్ద మార్కెట్లలో ఒకటి. గోరంట్ల, సోమందేపల్లి, పెనుకొండ, మడకశిర మొదలగు మండలముల రైతులు తాము పెంచిన పురుగులు కట్టిన గూళ్ళను సంచులలో నింపుకొని ఇచ్చటికి తెచ్చెదరు. గూళ్ళనుండి దారము తీయువారిని రీలర్లందురు. వారు గూళ్ళను చేతబట్టి చూచి, గుణమును అంచనా వేసి, వేలము పాడుదురు. వేలము పిదప తూనిక, తూనిక పిదప లెక్క, లెక్క పిదప సొమ్ము. ఒక్క రైతు మాత్రమే వచ్చినయెడల ఇందులో చిక్కేమియు లేదు.

కాని ఒకే ఉదయమున వందమంది రైతులు వచ్చిరనుకొందము. అప్పుడు వంద రాశులు, వంద ధరలు, వంద తూనికలు, వంద చెల్లింపులు ఏర్పడును. ఇవి వరుసగా జరుగవు. ఒకరి సరకు తూనికలో నుండగా మరొకరి సరకు వేలములో నుండును. వేరొకరి లెక్క పూర్తియై సొమ్ము పంపవలసి యుండును. ఇంతలో లెక్కల బల్లమీదికి ఒక చీటీ వచ్చినది. అందులో "నలుబదిరెండు కిలోలు" అని మాత్రమే కలదు. ఆ నలుబదిరెండు కిలోలు ఎవరివి? ఏ ధరతో వానిని గుణింపవలెను? సొమ్ము ఎవరికి పంపవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము ఆలస్యమైన రైతుకు నష్టము. గూటిలోని పురుగు ప్యూపాగా మారి, సుమారు పది పండ్రెండు దినములలో చిలుకయై గూటిని తొలుచుకొని వెలుపలికి వచ్చును. తొలిచిన గూటినుండి తెగని దారము రాదు. కావున గూళ్ళను దాచియుంచి, "లెక్క తేలిన తరువాత చూచుకొందము" అనుటకు వీలులేదు. సమాధానము తప్పైనచో నష్టము ఇంకను ఎక్కువ. ఒకని కష్టార్జితము మరియొకని ఖాతాలో పడును.

వచ్చిన ప్రతి వార్తను, అది చెందవలసిన వ్యవహారముతో తప్పక జతపరచుట యెట్లు? చూచుటకు చిన్నదిగానున్న ఈ ప్రశ్న బ్యాంకులలోను, రైల్వేలలోను, తపాలా శాఖలోను, కర్మాగారములలోను ప్రతి నిముషము ఎదురగుచున్నది. కంప్యూటరు శాస్త్రములో దీనికొక ప్రత్యేక స్థానము కలదు. దానిని క్రమముగా పరిశీలింతము.

ప్రక్రియ, వ్యవహారము

మొదట రెండు మాటల భేదమును గ్రహింపవలెను. "సరకు నమోదు, వేలము, తూనిక, లెక్క, చెల్లింపు" అనునది ఒక క్రమము. దీనిని ప్రక్రియ యందము. ఇది కాగితముమీద వ్రాసిన నియమము వంటిది, ఒక్కటే యుండును. ఒక రైతు ఒక దినమున తెచ్చిన సరకు ఈ క్రమమున నడచుట ఒక వ్యవహారము. వందమంది రైతులు వచ్చిన, ప్రక్రియ ఒక్కటే కాని వ్యవహారములు వంద. వంటపుస్తకములోని పులిహోర విధానము ఒక్కటే; దానిని చూచి వేరువేరు ఇండ్లలో పొయ్యిమీద నున్న పులిహోరలు అనేకములు. భేదము అట్టిదే.

వార్త యనగా ఒక వ్యవహారమును ముందుకు నడుపు సమాచారము. తూనిక చీటీ ఒక వార్త. వేలములో నిలిచిన ధర ఒక వార్త. "సొమ్ము చేరినది" అని బ్యాంకునుండి వచ్చు సందేశము మరొక వార్త. ప్రతి వ్యవహారము కొంతదూరము నడచి, తరువాతి వార్త కొరకు ఆగి కాచుకొని యుండును. ఒక సమయమున ఒకే విధమైన వార్తకొరకు అనేక వ్యవహారములు కాచుకొనుటయే మన చిక్కునకు మూలము. పది సరకులు తూనిక చీటీకై కాచుకొని యున్నవి. చీటీ ఒక్కటి వచ్చినది. దానిని పదింటిలో ఏ ఒక్కదానికి ఈయవలెను?

పేరు చాలదు

"చీటీమీద రైతు పేరు వ్రాసిన సరిపోవును గదా" అని విద్యార్థులు అడుగవచ్చును. ఒక మండలములో వేంకటేశులు, నారాయణప్ప, రామాంజనేయులు అను పేర్లు గలవారు ఎందరో యుందురు. ఊరి పేరు చేర్చిన కొంత మేలు. అయినను ఊరి పేరులును ఒంటరివి కావు. శ్రీ సత్యసాయి జిల్లాలో చిత్రావతీ తీరమున నున్న గోరంట్ల ఒకటి. గుంటూరు నగరములోని గోరంట్ల మరొకటి. ఈ రెండింటికిని ఉత్తరములు తారుమారు కాకుండుటకే పిన్‌కోడు తోడ్పడుచున్నది. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్య మన గోరంట్లకు 515231. గుంటూరు ప్రాంతపు సంఖ్యలు 522తో మొదలగును.

పిన్‌కోడు ఊరి చిక్కును తీర్చినది గాని వ్యవహారపు చిక్కును తీర్చలేదు. ఒకే రైతు ఒకే దినమున రెండు రకముల గూళ్ళను రెండు రాశులుగా తెచ్చినచో, పేరు, ఊరు, దినము అన్నియు ఒక్కటే. వ్యవహారములు మాత్రము రెండు. మనిషిని గుర్తించుట వేరు, వ్యవహారమును గుర్తించుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటవలననే అనేక పొరపాటులు పుట్టుచున్నవి. కావుననే మార్కెట్టులో ప్రతి రాశికిని ఒక లాటు సంఖ్య నిచ్చెదరు. తరువాతి చీటీలన్నింటిపైన ఆ సంఖ్య యుండవలెను. రైతు పేరు కేవలము సరిచూచుకొనుటకే.

వార్తను వ్యవహారముతో కలుపు ఇట్టి గుర్తును మనము సంబంధ సంకేతమందము.

మంచి సంకేతమునకు లక్షణములు

మంచి సంబంధ సంకేతమునకు నాలుగు లక్షణములు కావలెను.

మొదటిది, ఏకత్వము. ఒక సమయమున నడచుచున్న ఏ రెండు వ్యవహారములకును ఒకే సంకేతము ఉండరాదు. రెండవది, స్థిరత్వము. వ్యవహారము ముగియువరకు అది మారరాదు. ఫోను సంఖ్య మారును, చిరునామా మారును. కావున అవి మంచి సంకేతములు కావు. మూడవది, ప్రతి వార్తలోను అది ఇమిడి యుండవలెను. నాలుగవది, వ్యవహారము ప్రారంభమైన క్షణముననే అది తెలిసియుండవలెను. తూనిక యైన తరువాత ఇచ్చు సంఖ్య, వేలపు వార్తను జతపరచుటకు పనికిరాదు గదా!

ఏకత్వమును గురించి ఒక విచిత్రమును చెప్పవలసి యున్నది. లాటు సంఖ్యలను వరుసగా ఇచ్చుటకు బదులు, ప్రతి రైతును 000 మొదలు 999 వరకు తనకు తోచిన సంఖ్య నొకదానిని ఎన్నుకొనుమన్నా మనుకొందము. వేయి సంఖ్యలున్నవి గదా, ముప్పది నలుబదిమందిలో ఇద్దరికి ఒకే సంఖ్య వచ్చునా యని తోచును. లెక్కించి చూచిన 38 మంది చేరునప్పటికే కనీసము ఇద్దరి సంఖ్యలు కలియు సంభావ్యత సగమును దాటును. ఏలయన మనము పోల్చవలసినది 38 మందిని కాదు, వారిలోని జంటలను. 38 మందిలో 38 × 37 ÷ 2, అనగా 703 జంటలు కలవు. అందువలన సంఖ్యలను ఒకే చోటనుండి వరుసగా ఇచ్చుట క్షేమము. అట్లు వీలుకానిచోట, అనగా దూరదూరముననున్న యంత్రములు ఒకదానితో నొకటి సంప్రదింపక సంకేతము లీయవలసినచోట, కంప్యూటరులు 128 ద్విసంఖ్యాంకముల మహాసంఖ్యలను ఉపయోగించును. అవి కలియు అవకాశము లేదనదగినంత స్వల్పము.

ఒకే సంఖ్యలో ఏకత్వము కుదరనిచో రెండు మూడు గుర్తులను చేర్చి ఒక సముదాయముగా వాడవచ్చును. మన తపాలా శాఖ 1880 నుండి నడపిన మనియార్డరు ఇందుకు చక్కని ఉదాహరణము. మనియార్డరు సంఖ్యను ఏ తపాలా కచేరీకి ఆ కచేరీయే ఇచ్చుకొనెడిది. ధర్మవరములో ఒక సంఖ్య యున్న, అదే సంఖ్య మరియొక ఊరి కచేరీలోను ఉండవచ్చును. కాని సంఖ్య, కచేరీ పేరు, తేది, ఈ మూడింటిని కలిపి చూచిన మనియార్డరు ఒక్కటే. సొమ్ము ముట్టినట్లు గ్రహీత సంతకముతో తిరిగివచ్చు చీటీ, ఈ మూడు గుర్తుల బలమున పంపినవాని వద్దకు చేరెడిది. లాటు సంఖ్య కూడ ప్రతిదినము ఒకటినుండి మొదలగునట్లయిన, తేదితో చేర్చినప్పుడే అది పూర్ణమైన సంకేతమగును.

కంప్యూటరు జతపరచు విధము

గుమాస్తా చేయు పనినే కంప్యూటరు చేయును. కాని అతనివలె ఊహించి సరిపెట్టుకొనలేదు. అతడు చీటీలో సంఖ్య ఎచటనున్నను వెదకి కనుగొనును. కంప్యూటరునకు ప్రతి విషయమును ముందుగా చెప్పవలెను. 2002లో ఐబీఎమ్, మైక్రోసాఫ్ట్, బీఈఏ అను సంస్థలు కలసి, వ్యాపార ప్రక్రియలను కంప్యూటరునకు వివరించుటకై బీపెల్ అను భాషను ప్రకటించినవి. దాని రెండవ రూపమును 2007లో ఓయాసిస్ అను ప్రమాణముల సంస్థ అంగీకరించినది. 2003లో గ్రెగర్ హోప్, బాబీ వూల్ఫ్ అను రచయితలు వార్తల మార్పిడిలోని పద్ధతులను వర్గీకరించుచు వెలువరించిన గ్రంథములో సంబంధ సంకేతమును ఒక ప్రధాన పద్ధతిగా వర్ణించిరి.

బీపెల్ భాషలో జతపరచుటకు మూడు విషయములు వ్రాయవలెను. మొదటిది, సంకేత సముదాయములో ఏ గుర్తులు చేరినవి. ఉదాహరణకు, తేది, లాటు సంఖ్య. రెండవది, ఒక్కొక్క విధమైన వార్తలో ఆ గుర్తు ఏ స్థానమున నుండును. నమోదు పత్రములో అది మొదటి పంక్తిలో నుండవచ్చును. తూనిక చీటీలో మూడవ గడిలో నుండవచ్చును. చోటు వేరైనను గుర్తు ఒక్కటే యని యంత్రమునకు తెలుపవలెను. మూడవది, ఆ వార్త సంకేతమును క్రొత్తగా ప్రారంభించునదా, లేక పూర్వమే యున్న సంకేతముతో సరిపోవలసినదా. నమోదు వార్త వచ్చినప్పుడు క్రొత్త వ్యవహారము పుట్టును. తూనిక వార్త వచ్చినప్పుడు క్రొత్తది పుట్టరాదు, పాతదానిని వెదకవలెను.

వెదకుట యెట్లు? లక్ష వ్యవహారములు నడచుచుండగా మొదటినుండి ఒక్కొక్కదానిని చూచుకొనుచు పోయిన కాలము చాలదు. ఉత్తరములను వేరుచేయువారి ఎదుట గూళ్ళుగల బీరువా యుండును. కంప్యూటరు జ్ఞాపకములోను అట్టి గూళ్ళను ఏర్పరచెదరు. నూరు గూళ్ళున్నవనుకొనుడు. సంఖ్యను నూటితో భాగింపగా వచ్చు శేషమే గూటి సంఖ్య. 48217 అను లాటునకు శేషము 17. కావున అది 17వ గూటిలో నుండును. 48217 అను గుర్తుతో ఏ వార్త వచ్చినను యంత్రము నేరుగా 17వ గూటికే పోవును. తక్కిన 99 గూళ్ళను తాకనే తాకదు. గూళ్ళు పెరిగినకొలది ఒక్కొక్క గూటిలోని చీటీలు తగ్గును. భాగహారములోని శేషమునకు ఇంతటి ప్రయోజనము కలదని తరగతిలో చెప్పినయెడల విద్యార్థులు సంతోషింతురు.

సంకేతములు మారినప్పుడు

ఒక వ్యవహారము ఒకే కచేరీలో ముగియుట అరుదు. మార్కెట్టువారికి లాటు సంఖ్య తెలియును. బ్యాంకువారికి దానితో పనిలేదు. సొమ్మును బ్యాంకుద్వారా పంపినప్పుడు బ్యాంకు తన సంఖ్యనే ఇచ్చును. నెఫ్ట్ అను పద్ధతిలో ఆ సంఖ్యకు 16 అక్షరములు, ఆర్‌టీజీఎస్ అను పద్ధతిలో 22 అక్షరములు ఉండును. "సొమ్ము చేరినది" అని తరువాత వచ్చు వార్తలో ఈ బ్యాంకు సంఖ్య మాత్రమే యుండవచ్చును.

అప్పుడు లాటు సంఖ్యతో దీనికి సంబంధమెట్లు కలుగును? రెండు సంఖ్యలును కలసియున్న వార్త ఒకటైనను కావలెను. "మీరు ఈ బిల్లునకై పంపుమన్న సొమ్మునకు మేమిచ్చిన సంఖ్య యిది" అని బ్యాంకు ఇచ్చు మొదటి జవాబే అట్టి వార్త. దీనిని వంతెన వార్త యనవచ్చును. దీనిని చూచిన వెంటనే వ్యవహారము తన రెండవ సంకేతమును వ్రాసికొనును. ఆపైన ఆ గుర్తుతో వచ్చు వార్తలను కూడ స్వీకరించును. వంతెన వార్త పోయినచో వ్యవహారము రెండుగా తెగును. ఒకవైపు మార్కెట్టువారు, "మేము పంపితిమి" అందురు. మరొకవైపు బ్యాంకువారు, "ఆ లాటు సంఖ్య మాకు తెలియదు" అందురు. ఇరువురును సత్యమే చెప్పుచుందురు. రైతు మాత్రము నడుమ తిరుగుచుండును. ప్రజలు కచేరీల చుట్టు తిరుగుటకు అనేక కారణములుండవచ్చును గాని, వానిలో తెగిన వంతెన యొకటి.

రశీదును దాచుకొనుమని పెద్దలు చెప్పుటలోని మర్మమిదియే. రశీదుమీద రెండువైపుల సంఖ్యలును ఉండును. యంత్రములు మరచిన సంబంధమును ఆ కాగితపు ముక్క నిలబెట్టును.

ఎఱ్ఱమంచి కర్మాగారము

గోరంట్లకు దూరము కాని మరియొక చోటును చూతము. పెనుకొండ మండలములోని ఎఱ్ఱమంచివద్ద కియా సంస్థ నెలకొల్పిన కార్ల కర్మాగారములో 2019లో ఉత్పత్తి ప్రారంభమైనది. సంవత్సరమునకు మూడులక్షల కార్లను తయారుచేయు సామర్థ్యముతో దానిని నిర్మించిరి. సంవత్సరమునకు 300 పనిదినములని యెంచిన, దినమునకు వేయి కార్లు. రేయింబవళ్ళు నడచినను ఒకటిన్నర నిముషమునకొక కారు తయారు కావలెను.

ఇట్టి కర్మాగారములలో కార్లు ఒకేవిధముగా నుండవు. ఒకదానికి తెల్లరంగు, మరొకదానికి ఎఱ్ఱరంగు. ఒకదానికి డీజిలు యంత్రము, వేరొకదానికి పెట్రోలు యంత్రము. సీట్లు మొదలగు భాగములను అనుబంధ సంస్థలు తయారుచేసి, కార్లు వరుసలో వచ్చు క్రమముననే సరఫరా చేయుట నేటి కార్ల పరిశ్రమలో వాడుకైన పద్ధతి. వరుసలో ఒక్క కారును పక్కకు తీసినప్పుడు ఆ వార్త సీట్లవారికి అందకున్న, తరువాతి కార్లన్నింటికిని వేరొకరి సీట్లు వచ్చును. కావున, "తరువాత వచ్చునది దీనిదే" అని వరుసను మాత్రమే నమ్ముట ప్రమాదము. ప్రతి భాగముతోను అది ఏ కారుకు చెందునో తెలుపు గుర్తుండవలెను.

పూర్తియైన ప్రతి కారునకును 17 అక్షరముల వాహన సంఖ్య యుండును. ఇది అంతర్జాతీయ ప్రమాణము. ఇందులో ఆంగ్లాక్షరములు ఐ, ఓ, క్యూ అనువానిని వాడరు. ఏలయన ఐ అను అక్షరము ఒకటి అంకెను, ఓ, క్యూ అనునవి సున్నను పోలియుండును. కన్ను పొరపడు అవకాశమును సంకేతమును నిర్మించునప్పుడే తొలగించుట ఎంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది. కారు అమ్ముడుపోయిన తరువాత కూడ రిజిస్ట్రేషను, బీమా, మరమ్మతు, లోపమున్న భాగమును మార్చుటకై కంపెనీ పంపు పిలుపు, అన్నియు ఈ సంఖ్యవెంటనే నడచును.

నాలుగు చిక్కులు

సంకేతము సరిగా నున్నను జతపరచుటలో నాలుగు చిక్కులు కలుగవచ్చును.

మొదటిది, వార్త ముందుగా వచ్చుట. నమోదు వార్త దారిలో ఆలస్యమై తూనిక వార్త ముందుగా చేరినదనుకొనుడు. ఆ సంకేతముతో వ్యవహారమే లేదు. "ఇట్టిది లేదు" అని వార్తను పారవేసిన తరువాత నమోదు వచ్చినను తూనిక రాదు; వ్యవహారము ఎన్నటికిని కదలదు. కావున జత దొరకని వార్తను కొంతకాలము వేచియుండు పెట్టెలో ఉంచవలెను.

రెండవది, వార్త ఆలస్యముగా వచ్చుట లేదా రాకయే పోవుట. వ్యవహారము ఎంతకాలము కాచుకొనవలెను? గడువు లేని నిరీక్షణము పనికిరాదు. ఫోనుద్వారా సొమ్ము పంపు యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. అందులో పంపినవారి ఖాతానుండి సొమ్ము తగ్గి, అందుకొనవలసినవారి ఖాతాకు చేరక నడుమ నిలిచిపోవుట కలదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టివానికి గడువులు విధించినది. ఒక వ్యక్తినుండి మరొక వ్యక్తికి యూపీఐద్వారా పంపిన సొమ్ము చేరనిచో, లావాదేవీ జరిగిన మరుసటి దినములోగా అది తిరిగి జమకావలెను. గడువు దాటిన దినమునకు 100 రూపాయల వంతున పరిహారమీయవలెను. ఏటీఎమ్‌లో ఖాతానుండి సొమ్ము తగ్గియు నోట్లు రానిచో ఐదు దినముల గడువు. ఖాతాదారుడు అడుగనక్కర లేకుండగనే ఇది జరుగవలెనని నియమము. జతకాని వార్తలను వెదకి సరిచేయుట బ్యాంకుల బాధ్యతయే యని దీని తాత్పర్యము.

మూడవది, ఒకే వార్త రెండుమార్లు వచ్చుట. పంపినవానికి జవాబు అందకున్న, "పోయినదేమో" యని మరల పంపును. మొదటిదియు చేరియుండవచ్చును. అప్పుడు రెండు చెల్లింపులు జరుగరాదు. ప్రతి వార్తకును స్వంత సంఖ్య నిచ్చి, "ఈ సంఖ్యగల వార్తను ఇదివరకే స్వీకరించితిమా?" యని చూచుటయే దీనికి మందు. గణితములో ఒక సమితిని దానితోనే సమ్మేళనము చేసిన అదే సమితి వచ్చును. వార్తయు అట్లే యుండవలెను. ఎన్నిమార్లు చేరినను ఫలితము ఒక్కటే కావలెను.

నాలుగవది, వార్త వేరొక వ్యవహారముతో జతపడుట. ఇదియే అన్నింటికంటె అపాయకరము. జత దొరకని వార్త కనబడుచునే యుండును. ఎవరో ఒకరు దానిని వెదకుదురు. తప్పు జత దొరికిన వార్త మాత్రము సరిగానున్నట్లే కనబడును. చాలకాలము వరకు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చెల్లింపులు ఖాతా సంఖ్యను మాత్రమే చూచి జమ యగుచుండెడివి. పేరు సరిపోవుచున్నదా లేదా యని సొమ్ము పంపువారు ముందుగా చూచుకొను వీలుండెడిది కాదు. ఒక్క అంకె మారి, ఆ సంఖ్యతో నిజముగా వేరొక ఖాతా యున్నచో సొమ్ము అచటికి పోయెడిది. 2025 ఏప్రిల్ 1వ తేదీలోగా, ఈ పద్ధతులలో పంపుటకు ముందే ఖాతాదారుని పేరు కనబడు సౌకర్యమును కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో బ్యాంకులను ఆదేశించినది. సంఖ్య వ్యవహారమును గుర్తించును, పేరు దానిని సరిచూచును అని పైన చెప్పిన సూత్రమే ఇందులోను కనబడుచున్నది.

తప్పును పట్టు అంకె

సంఖ్యను వ్రాయుటలో జరిగిన పొరపాటును ఆ సంఖ్యయే పట్టియిచ్చు ఉపాయమొకటి కలదు. ధర్మవరము జంక్షనులో నిలిచిన గూడ్సుబండిని చూడుడు. ప్రతి పెట్టెమీదను 11 అంకెల సంఖ్య వ్రాసియుండును. అందులో పది అంకెలు పెట్టె రకమును, అది చెందిన రైల్వేను, తయారైన సంవత్సరమును, దాని వరుస సంఖ్యను తెలుపును. పదునొకండవది తనిఖీ అంకె.

దానిని కనుగొను విధమిది. ఎడమనుండి సరిస్థానములలోని అంకెలను కూడి మూడుతో గుణింపవలెను. బేసిస్థానములలోని అంకెల మొత్తమును దానికి చేర్చవలెను. వచ్చిన మొత్తమునకు ఎంత కలిపిన పదియొక్క గుణిజమగునో అదే తనిఖీ అంకె.

ఉదాహరణకు 3108142735 అను పది అంకెలను తీసికొందము. సరిస్థానములలోనివి 1, 8, 4, 7, 5, మొత్తము 25, మూడురెట్లు 75. బేసిస్థానములలోనివి 3, 0, 1, 2, 3, మొత్తము 9. రెండును కలిపిన 84. దీనికి 6 కలిపిన 90 అగును. కావున పూర్ణసంఖ్య 31081427356.

ఎవరైన తొమ్మిదవ స్థానములోని 3ను 8గా చదివిరనుకొనుడు. బేసి మొత్తము 14, అంతయు కలిసి 89. రావలసిన తనిఖీ అంకె 1. కాని సంఖ్యలో 6 ఉన్నది. తప్పు పట్టుబడినది. ఏ ఒక్క అంకె మారినను ఇది తప్పక పట్టును. 1గాని 3గాని 10తో సామాన్య భాజకము లేని సంఖ్యలగుటయే దీనికి కారణము.

పక్కపక్క అంకెలు తారుమారైన? చివరనున్న 3, 5 అనువానిని 5, 3గా వ్రాసిన మొత్తము 80 అగును, తనిఖీ అంకె 0 కావలెను, తప్పు తెలిసిపోవును. కాని ఏడవ, ఎనిమిదవ స్థానములలోని 2, 7 అనువానిని 7, 2గా వ్రాసి చూడుడు. సరి మొత్తము 20, మూడురెట్లు 60, బేసి మొత్తము 14, అంతయు 74. తనిఖీ అంకె మరల 6! తప్పు తప్పించుకొనిపోయినది. రెండు అంకెల భేదము 5 అయినప్పుడు ఇట్లగును. 1969లో యాకోబస్ వెర్హోఫ్ అను డచ్చి గణితజ్ఞుడు పక్క అంకెల తారుమారును కూడ ఎల్లప్పుడు పట్టు పద్ధతిని కనుగొనెను. మన ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె ఆ పద్ధతి ప్రకారము ఏర్పడినదే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు ఖర్చులేకుండ ప్రదర్శింపవచ్చును. పదిమంది విద్యార్థులను రైతులుగా, ముగ్గురిని వేలము, తూనిక, చెల్లింపు బల్లలవద్ద గుమాస్తాలుగా నిలుపవలెను. ఒకనిని వార్తాహరునిగా నియమించి, బల్లలనుండి వచ్చు చీటీలను కలగలిపి అందించుమనవలెను.

మొదటి పర్యాయము చీటీలమీద సంఖ్యలు లేకుండ, ధర లేదా బరువు మాత్రమే వ్రాయవలెను. రెండవ పర్యాయము పేర్లు వ్రాయవలెను. ఇద్దరు ముగ్గురికి ఒకే పేరు పెట్టవలెను. మూడవ పర్యాయము లాటు సంఖ్యలు వ్రాయవలెను. ప్రతి పర్యాయమును ఎంతమందికి సరియైన సొమ్ము చేరినదో నల్లబల్లమీద గుర్తింపవలెను. తరువాత వార్తాహరుడు ఒక చీటీని దాచిపెట్టి, ఒకదానిని రెండుమార్లు ఇచ్చి, ఒకదానిలో ఒక అంకె మార్చి ఆడవలెను. ఏ నియమము ఏ చిక్కును తీర్చునో విద్యార్థులే కనుగొందురు. పై తరగతులవారిచే తనిఖీ అంకెను కూడ వేయింపవచ్చును.

యంత్రములు వచ్చిన తరువాత వ్యవహారముల వేగము వేయిరెట్లు పెరిగినది. వాని సంఖ్యయు అట్లే పెరిగినది. కాని మూలప్రశ్న మారలేదు. మన చేతికి వచ్చిన సమాచారము ఎవరిది, ఏ పనికి సంబంధించినది? రైలు టిక్కెట్టుమీది పది అంకెల పీఎన్ఆర్, ధరఖాస్తు రశీదుమీది సంఖ్య, ఫోనులోని లావాదేవీ సంఖ్య, ఇవన్నియు ఆ ప్రశ్నకు సమాధానములే. దరఖాస్తు పెట్టినవారు ఆ సంఖ్యను భద్రపరచుకొనవలెను. కచేరీలవారు తామిచ్చు ప్రతి కాగితము మీదను దానిని స్పష్టముగా ముద్రింపవలెను. రేపు ఇట్టి యంత్రములను నిర్మింపబోవు విద్యార్థులు, వచ్చిన వార్తకు జత దొరకనప్పుడు ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించి, తరువాతనే తక్కిన భాగమును వ్రాయవలెను. అట్లు చేసిననాడు గూళ్ళు అమ్మిన రైతు సొమ్మునకై కచేరీల చుట్టు తిరుగు అవసరము చాలవరకు తగ్గును.